రాత రానివాళ్ళ ఓటు గురించి టీచరమ్మ నాతో అన్నది

నా పేరు పొట్నూరు నరసమ్మ. వయసు డెబ్బై ఎనిమిది అని పాస్‌పోర్టులో ఉంది, అసలు ఇంకో రెండేళ్ళు ఎక్కువే. కెనడాలోని ఎటోబికోలో కూతురు, అల్లుడు, మనవరాలితో ఏడో అంతస్తులో ఉంటాను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. యాసను పుస్తకం భాషలో పెడతానంది, పెట్టుకోమన్నాను. మాట మాత్రం మార్చనని ఒట్టు వేయించుకున్నాను.

టీచరమ్మ పోయి ఈ గురువారానికి నలభై రోజులు. కబురు పొద్దున పూట వచ్చింది. నేను వంటింట్లో గోంగూర దూస్తున్నాను. ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. నా కూతురు ఫోన్ చెవికి పెట్టుకుని, నా వైపు చూసి, స్టవ్ ఆపేసింది. ఉడుకుతున్న పప్పు కింద మంట ఆపిందంటే ఎవరో పోయారని నాకు తెలిసిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందట. అదృష్టవంతురాలు, ఎవరి చేతా చేయించుకోకుండా పోయిందని అందరూ అన్నారు. నాకు ముందు కోపం వచ్చింది. నాకొక మాట ఇచ్చి, ఆ మాట ఇంకెవరి చెవినా వేయకుండా పోయింది. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

మన క్లబ్బువాళ్ళు వేస్తున్న ఈ సంచికలో మిగతావాళ్ళు ఆవిడ గురించి మంచి రాస్తారు. అది నిజమే అయి ఉంటుంది. నేనూ మంచే చెబుతాను, కానీ మంచి ఒక్కటే చెప్పి ఊరుకోను.

ఆవిడ సరిహద్దుకు అవతల, అమెరికా బడిలో ఇరవై ఏడేళ్ళు పాఠాలు చెప్పింది. ఆ దేశంలో చట్టం ఎవరు చేస్తారు, ఎవరు నడుపుతారు, తప్పు చేస్తే ఎవరు ఆపుతారు, ఓటు ఎవరికి ఇచ్చారు, ఎవరికి లేకుండా చేశారు, అదీ ఆవిడ చెప్పిన పాఠం. రిటైరయ్యాక ఇక్కడ చెల్లెలింటికి వచ్చేసింది. మనిషి సన్నం, నడక వడి. చలికాలంలోనూ చీరే కట్టేది, కింద మగవాళ్ళ బూట్లు. సంచీలో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. బోర్డు లేని చోట సుద్ద ఎందుకని అడిగితే, అది వేళ్ళ మధ్య లేకపోతే మాట రాదని చెప్పేది. ఇంకో అలవాటు ఉండేది. మన మీటింగుల్లో ఆడమనిషి మాట్లాడుతుంటే మగవాళ్ళెవరైనా అడ్డుపడితే, టీచరమ్మ ఒక వేలు ఎత్తి, "ఆవిడ మాట ఇంకా అవలేదండీ" అనేది. గొంతు పెంచేది కాదు. అడ్డుపడినవాళ్ళు గతుక్కుమని ఆగిపోయేవాళ్ళు. నా తరఫున ఆ వేలు ఎన్నిసార్లు ఎత్తిందో లెక్క లేదు.

మన సీనియర్ల క్లబ్బు గురువారం గురువారం కమ్యూనిటీ సెంటర్ కింది గదిలో కూడుతుంది. ఆవిడ రాకముందు మగవాళ్ళు ఒక మూల పేకాట, ఆడవాళ్ళు ఇంకో మూల భజన. ఒక గురువారం ఆవిడ ఒక చెక్కపెట్టె మోసుకొచ్చింది. మూతకు నాలుగు తాళాలు. తాళంచెవితో తీసేవి కావు, అంకెలు తిప్పితే తెరుచుకునేవి. బడిలో పిల్లలతో ఆడించేదట. ఇలాంటిదాన్ని ఎస్కేప్ గేమ్ అంటారని నా మనవరాలు తరువాత చెప్పింది. గదిలో పెట్టి తాళం వేస్తారు, చిక్కులు విప్పుకుంటే బయటపడతారు. డబ్బులిచ్చి మరీ తమను బంధించమనే మనుషులున్నారని నాకు అప్పుడే తెలిసింది.

మన ప్రెసిడెంటు గారు పేకముక్కలు కింద పెట్టకుండానే అడ్డు చెప్పారు. మనం ఉన్నది కెనడాలో, పుట్టింది ఇండియాలో, మధ్యలో అమెరికా గొడవ మనకెందుకు అన్నారు. టీచరమ్మ చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "పక్కింటి గోడ ఎక్కడ కూలిందో చూస్తే, మన గోడకు ఎక్కడ నెర్రె ఉందో తెలుస్తుంది సార్."

గది తలుపు వేసింది. గోడ గడియారం చూపించి ముప్పావు గంట గడువు అంది. కాగితాలు పంచింది. "చదివేవాళ్ళు పైకి చదవండి. మిగతావాళ్ళు విని గుర్తుపెట్టుకోండి. రెండు రకాలవాళ్ళూ లేకపోతే పెట్టె తెరుచుకోదు" అంది. నాలాంటి దాన్ని సిగ్గుపడకుండా కూర్చోబెట్టిన మొదటి చదువుకున్న మనిషి ఆవిడ. అందుకే తరువాత జరిగింది అంత నొప్పించింది.

ఒక్కో తాళానికి ఒక్కో అంకె. ఆ అంకె ఆ దేశపు రాజ్యాంగంలో ఒక సవరణ. రంగు చూసి ఓటు ఆపకూడదన్నది పదిహేను. ఆడదని ఆపకూడదన్నది పంతొమ్మిది. పన్ను కట్టలేదని ఆపకూడదన్నది ఇరవై నాలుగు. పద్దెనిమిదేళ్ళు నిండితే ఇవ్వాలన్నది ఇరవై ఆరు. నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. బస్సు నంబర్లు, ఫోన్ నంబర్లు ఒకసారి చూస్తే పోవు. వాళ్ళు చదువుతుంటే విని, నేను తిప్పాను. పదిహేను తిప్పగానే తాళం ఊడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

టీచరమ్మ చప్పట్లు ఆపించింది. చట్టం ఓటు ఇచ్చింది, కచేరీలో కూర్చున్న గుమస్తా ఇవ్వలేదు అంది. నల్లవాళ్ళు ఓటు రాయించుకోవడానికి వెళ్తే చదువు పరీక్ష పెట్టేవారట. పాసయ్యారో లేదో చెప్పేది ఆ గుమస్తానే. అప్పుడు ఒక కుర్చీ లాగి నన్ను పిలిచింది.

"అక్కా, మీరే గుమస్తా. వీళ్ళకు ఓటు కావాలంటే మీరు ఒప్పుకోవాలి."

"నాకు సదువే రాదు గదమ్మా, నానేటి సూసేది?"

"చూడక్కర్లేదు. ఒప్పుకోకపోతే చాలు."

ముందు ప్రెసిడెంటు గారు వచ్చారు. కరెంటు కంపెనీలో పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు కాగితం గడగడా చదివేశారు. తప్పు అన్నాను. ఎక్కడ తప్పని అడిగారు. గొంతు బాగులేదన్నాను. గది అంతా నవ్వింది, ఆయన ముఖం కందగడ్డ అయింది. ఇదేం న్యాయమని టీచరమ్మను అడిగారు. ఆవిడ నవ్వలేదు. ఇదే ప్రశ్న అడిగినవాళ్ళ పనులు పోయాయి సార్, కొందరి ఇళ్ళు కాలిపోయాయి అంది. మీ తాతకు ఓటు ఉండి ఉంటే మీకు పరీక్ష లేదని కూడా కొన్ని చోట్ల రాసుకున్నారట. తాత బానిస అయితే తాతకు ఓటెక్కడిది? నేను ఆ కుర్చీలోంచి లేచాను. నవ్వులాటకైనా ఆ కుర్చీ వెచ్చగా అనిపించింది, అది నాకు నచ్చలేదు.

ఆ ఆట ఆరు గురువారాలు ఆడాం. ఒక్కోసారి ఒక్కో కథ పెట్టేది. ఆ నల్లవాళ్ళు ఓటు కోసం ఊరేగింపుగా నడిచారు, దెబ్బలు తిన్నారు, చివరికి ఆ పరీక్షలు ఆపే చట్టం తెచ్చుకున్నారు. ఆవిడ ఒకరోజు అంది: "తాళం ఒక్కటే ఉంటే దొంగ భయం అనుకోవచ్చు. నాలుగు ఉన్నాయంటే లోపలివాళ్ళకు బయటివాళ్ళంటే భయం."

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

మన క్లబ్బుకు ఏటా ఎలక్షన్. అది ఎలా జరిగేదో మీకు తెలుసు, తెలియనట్టు నటించకండి. భోజనాల దగ్గర చీటీలు పంచేవారు. భర్త తన చీటీ మీద టిక్కు పెట్టి, చెయ్యి చాపేవాడు, భార్య తన చీటీ ఇచ్చేది, దాని మీదా ఆయనే టిక్కు పెట్టి రెండూ కలిపి డబ్బాలో వేసేవాడు. బస్సులో ఇద్దరి టిక్కెట్టూ ఒకరే తీసినట్టు. ఎవరికీ అది తప్పుగా కనిపించలేదు. టీచరమ్మ మొదటిసారి చూసి అన్నం మానేసింది.

తరువాతి జనరల్ బాడీలో ఆవిడ లేచి ఒక రూలు పెట్టమంది. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళాలి. తోడు ఎవరూ వెళ్ళకూడదు. టిక్కు పనికిరాదు, టిక్కు ఎవరిదో తెలియదు. నిలబడినవాళ్ళ పేరు తన చేత్తో రాయాలి, ఏ భాషలోనైనా సరే. మగవాళ్ళు గొణిగారు. ఆడవాళ్ళు చేతులెత్తారు. నేను రెండు చేతులూ ఎత్తాను. ఆ రూలు ఆ మగవాళ్ళ మీదకు వెళ్తోందని చూస్తూ, నా మీదకు వస్తోందని చూసుకోలేదు. ఎవరినీ అనే ముందు నన్ను నేను అంటున్నాను.

ఎలక్షన్ రోజున టీచరమ్మే ఆఫీసరు. సెక్రటరీ పదవికి ఒక ఆడమనిషి నిలబడింది. మోకాళ్ళు అరిగినవాళ్ళకు మెట్లు లేని గది అడుగుతానంది. నా ఓటు ఆవిడకే. చీటీ తీసుకుని తెర వెనక్కి వెళ్ళాను. తెల్లకాగితం, పెన్సిలు. పేర్ల పట్టీ గోడకు అంటించి ఉంది, నాకు అది చీమలబారు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బయటికొచ్చి టీచరమ్మతో, నీ చెవిలో చెబుతాను, నువ్వు రాసి పెట్టు అన్నాను.

"తోడు పనికిరాదు అక్కా. రూలు."

"నాకు రాత రాదని నీకు తెలుసు గదా."

"తెలుసు. మీ ఒక్కరికి వదిలితే అందరి మొగుళ్ళూ తెర వెనక్కి వస్తారు."

నా చీటీ చెల్లదని వేరే కవరులో పెట్టింది. నాతో పాటు ఇంకో ముగ్గురివీ అలాగే పోయాయి. ఒకావిడ గుంటూరు దగ్గర పొలాల్లో పెరిగింది, ఒకావిడ నల్గొండ, ఇంకొకావిడ మా శ్రీకాకుళమే. సెక్రటరీకి నిలబడిన ఆడమనిషి మూడు ఓట్ల తేడాతో ఓడింది. నలుగురం అన్నాను కదా, మీరే చూసుకోండి.

హాలు మధ్యలో నిలబడి అన్నాను. "పెట్టెకి తాళాలు తియ్యడం నేర్పావు. గుమ్మానికి నువ్వే తాళం ఏసావు." ఆవిడ ముఖం తెల్లబడింది. ఆరోజు నా మాటకు ఎవరూ అడ్డుపడలేదు, వేలు ఎత్తాల్సిన పని ఆవిడకు లేకపోయింది.

క్లబ్బులో చీటీ ముక్కకు ఇంత రాద్ధాంతమా అని మీరు అనుకోవచ్చు, నా అల్లుడు కూడా అన్నాడు. వినండి. ఈ దేశంలో నాకు పౌరసత్వం లేదు, కాబట్టి ఇక్కడ ఓటు లేదు. మా ఊరు వెళ్ళి ఓటేసే ఓపిక ఒంట్లో లేదు. పెళ్ళయిన దగ్గరనుంచి ఒక్క ఎలక్షన్ తప్పకుండా వేలికి సిరా పూయించుకున్నదాన్ని. ఇప్పుడు ఈ భూమ్మీద నన్ను ఎవరైనా, నీకేం కావాలని అడిగే చోటు ఒక్కటే మిగిలింది, ఆ కింది గదిలో ఆ చీటీ. దాన్నే చెల్లదన్నారు.

అయిదు వారాలు క్లబ్బుకు వెళ్ళలేదు. అంతలో ఆవిడ పోయింది. సంతాపసభకు వెళ్ళాను.

ప్రెసిడెంటు గారు మాట్లాడారు. ఆవిడ సేవలన్నీ చెప్పి, స్వహస్తంతో ఓటు రాసే నియమం ఆవిడ మనకు వదిలిన గుర్తు అన్నారు. దాన్ని ఎప్పటికీ మార్చకుండా, ఆవిడ పేరు పెట్టి నిలుపుదాం, వచ్చే మీటింగులో తీర్మానం చేద్దాం అన్నారు. అందరూ తలలూపారు. ఏ రూలు కారణంగా ఆ మనిషి నిద్ర చెడగొట్టుకుందో, ఆ రూలుకే దండ వేశారు.

నేను లేచాను. ఆవిడే ఆ రూలు మార్చాలనుకుంది, నాతో చెప్పింది అన్నాను. ఎప్పుడు చెప్పింది, ఎవరి ముందు చెప్పింది అని అడిగారు. మా ఇంట్లో, నా ముందు అన్నాను. ఇంకా చెప్పబోతుంటే ఒకాయన, "అమ్మా, ఇది సంతాపసభ" అన్నాడు. నా మాట ఇంకా అవలేదని చెప్పడానికి ఆ గదిలో ఎవరూ లేరు. ఆవిడ గీసి నా దగ్గర వదిలిన కాగితం చూపించాను. చేతులు మారింది. పిల్లలు వేసిన బొమ్మల్లా ఉందని ఒకావిడ నవ్వింది. ప్రెసిడెంటు గారు మర్యాదగానే మాట్లాడారు, అది నేను కాదనను. "మీరు చెప్పేదేదో రాతపూర్వకంగా ఇవ్వండమ్మా, సంచికలో వేస్తాం, చూద్దాం" అన్నారు. రాత రానిదాన్ని రాసి ఇమ్మన్నారు. అందుకే ఇది.

టీచరమ్మ పోవడానికి పదకొండు రోజుల ముందు మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం వేళ. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులుపుకుని, సంచీలోంచి పిల్లల అక్షరాల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. రోజూ వస్తాను, వచ్చే ఎలక్షన్ లోపల మీచేత పేర్లు రాయిస్తాను అంది. ఎంతో ప్రేమగా అంది. నా ఒళ్ళు మండింది.

"నేర్చుకుంటే ఇస్తావా ఓటు? అంటే ఇప్పుడు నాకు లేనట్టే గదా. ఆ నల్లవాళ్ళకీ అదే సెప్పారు, సదువుకుని రండి, ఇస్తామని. నువ్వే సెప్పావు నాకు."

ఆవిడకు ఇచ్చిన టీ అలాగే చల్లారింది. మా ఊళ్ళో సంతకం రాదని నన్ను ఎవరూ ఇంటికి పంపలేదని చెప్పాను. చీటీ మీద బొమ్మలుండేవి. నిలబడినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు. తోడూ అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. మొగుడు బయట నిలబడితే లోపల నా ఇష్టం నాది. ఆయన చెప్పినదానికి కాక వేరేదానికి ముద్ర వేసి వచ్చి, ఆయనకే వేశానని చెప్పిన రోజులున్నాయి నాకు. అది విని ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంత సులువైనది తనకు తట్టలేదని, తానూ ఆ గుర్తుల మీద ఓటేసిన దేశంలోనే పుట్టి, దూరాన ఉన్న దేశపు తాళాలన్నీ కంఠస్థం చేసి, మన గుర్తులు మరిచిపోయానంది.

తరువాత అంది. "ఇరవై ఏడేళ్ళు ఆ గుమస్తాను తిడుతూ పాఠం చెప్పానక్కా. ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. మిమ్మల్ని కూర్చోబెడితే మీరు లేచిపోయారు, నేను లేవలేదు."

తప్పయిందని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు. అక్షరాల పుస్తకం వెనక్కి తిప్పి, వెనక ఖాళీ కాగితం చింపి, బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. గొడుగు, కెటిల్, మంచు తీసే పార. గీత అసలు కుదరదు ఆవిడకు. గొడుగు పుట్టగొడుగులా వచ్చింది. పట్టుకునే కొన పైకి తిరిగింది. ఇదేంటో చెప్పండి అని నన్ను అడిగింది. చెప్పలేకపోయాను, ఇద్దరం నవ్వుకున్నాం. చదువు పరీక్షలో నేను తప్పాను, బొమ్మల పరీక్షలో నువ్వు తప్పావు అన్నాను. వచ్చే జనరల్ బాడీలో గుర్తుల చీటీ పెడతానని, తన రూలు తానే తీయిస్తానని చెప్పింది. "మొదటి చీటీ మీకే ఇస్తానక్కా." ఇవి ఆవిడ మాటలు. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ఆవిడ చెల్లెలు కూడా చెబుతుంది, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మనవడి రంగు పెన్సిళ్ళు అడిగిందట. ఎందుకో చెప్పలేదట.

కాబట్టి నేను కోరేది ఒకటే. ఆ రూలుకు ఆవిడ పేరు పెట్టవద్దు. పెడితే, చనిపోయిన మనిషిని ఆ కుర్చీలో శాశ్వతంగా కట్టేసినట్టు. గుర్తుల చీటీ పెట్టండి. పెట్టనంటే, ఈ కాగితం ప్రతి మీటింగులోనూ చదివిస్తాను, బతికున్నంత కాలం. ఆవిడ మీద నాకు కోపం పోయిందా అని అడగకండి. పోలేదు. మంచిదాని మీద కోపం అంత తొందరగా పోదు.

ఆ బొమ్మలు గీసిన రోజున నేను ఆవిడతో పాటు కిందికి దిగి బస్ స్టాపు దాకా వెళ్ళాను. మంచు పొడిపొడిగా పడుతోంది. బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అద్దం లోపలంతా ఆవిరి పట్టి ఉంది, మనిషి సరిగా కనబడలేదు. ఆ ఆవిరి మీద ఆవిడ వేలు కదలడం కనిపించింది. గొడుగు గీస్తోంది. ఈసారి కాస్త కుదిరింది, కొన కిందికే తిరిగింది. అది ఏమిటో నేను చెప్పాలని, గీసిన గీతల సందులోంచి నా నోటి వైపే చూస్తోంది. బస్సు కదిలింది.

ఇది నేను చెప్పగా నా కూతురు రాసింది. మొత్తం రెండుసార్లు చదివించుకుని విన్నాను. నా మాటే.

పొట్నూరు నరసమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
కొమ్మూరి శారద, టీచరమ్మ చెల్లెలు, సంతకం
మేకల ఎల్లమ్మ, చెల్లని నాలుగు చీటీలలో ఒకటి వేసినావిడ, ఎడమ బొటనవేలి ముద్ర